తగనివాడి తరగతి

పని తప్పించుకోవడానికి మనిషి కనిపెట్టిన సాకులన్నింటిలోకీ మర్యాదైనది వినయం. నడుం నొప్పి అంటే డాక్టరు దగ్గరికి పొమ్మంటారు. తీరిక లేదంటే, నిన్న సాయంత్రం అరుగు మీద కూర్చుని వచ్చేపోయే బండ్లు లెక్కపెట్టింది ఎవరని నిలదీస్తారు. అదే, చేతులు కట్టుకుని, తల కాస్త పక్కకి వాల్చి, "నేనెంతటివాణ్ణండీ, అంత పెద్ద పనికి తగను" అన్నామనుకోండి, పనికి పనీ తప్పుతుంది, పేరుకి పేరూ వస్తుంది. పెట్టుబడి లేకుండా ఇంత లాభం తెచ్చే సరుకు మా గుంటూరు మిర్చి యార్డులో కూడా దొరకదు. నేను మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాసే మనిషిని. లాభం ఎక్కడుందో పసిగట్టే విషయంలో నా మాట నమ్మొచ్చు.

దేవుడి పని దగ్గర ఈ సరుకు మరీ బాగా చెల్లుతుంది. ఆఫీసులో "నాకు చేతకాదు" అంటే మెమో ఇస్తారు. చర్చిలో అంటే "ఎంత తగ్గింపు మనసో చూడండి" అంటారు. నేను లూథరన్ సంఘంలో పుట్టి, అందులోనే జుట్టు నెరిసినవాణ్ణి. మా తాత ఉపదేశి. పల్నాడు పల్లెల్లో కాలినడకన తిరిగి, రాత్రిపూట లాంతరు ముందు కూర్చోబెట్టి అక్షరాలూ వాక్యమూ కలిపి నేర్పినవాడు. ఆయన నుంచి నాకు ఒక చేతికర్ర, ఒక గొడుగు, "ఉపదేశిగారి మనవడు" అన్న గౌరవం సంక్రమించాయి. కర్రా గొడుగూ అటక మీద ఉన్నాయి. గౌరవాన్ని మాత్రం వారం వారం వాడుకుంటున్నాను.

చర్చిలో నా చోటు మగవాళ్ళ వైపు వెనక బెంచీల్లో, ఫ్యాను కింద. కానుక వేస్తాను. ఆమెన్ అంటాను. ప్రసంగం అరగంట దాటితే గడియారం చూడను, గడియారం పక్కనున్న కిటికీని చూస్తాను. ఎప్పుడైనా ప్రార్థన చేయమంటే, నేను ధూళినని దేవుడికి విన్నవించి కూర్చుంటాను. ధూళిని ఎవరూ పని అడగరు.

అలా సాఫీగా సాగిపోతుండగా మా సండే స్కూలు టీచరమ్మగారు కూతురి కాన్పుకని హైదరాబాదు వెళ్ళారు. మనవరాలు పుట్టింది. అమ్మమ్మ అక్కడే ఉండిపోయింది. మా సంఘంలో రెండు తరాల పిల్లలకు ఆదాము మొదలుకొని పౌలు దాకా పరిచయం చేసింది ఆవిడే. ఇప్పుడు రెండో తరగతి నుంచి ఐదో తరగతి దాకా చదివే పిల్లల గుంపొకటి అజమాయిషీ లేక చర్చి ఆవరణలో వేపచెట్టు చుట్టూ తిరగడం మొదలెట్టింది. ఆరాధన మధ్యలో కిటికీలోంచి బంతి వచ్చి బల్ల ముందు పడిన రోజున అయ్యగారు ప్రకటన చేశారు. ప్రభువు ఎవరి హృదయాన్ని ప్రేరేపిస్తే వాళ్ళు ముందుకు రావాలన్నారు. సంఘమంతా ఒక్కసారిగా తలెత్తి ఫ్యాన్ల వైపు చూసింది. మా చర్చిలో ఏ ఫ్యాను ఊగుతుందో, దేనికి బూజు పట్టిందో ఆ రోజు అందరికీ తెలిసింది.

తర్వాత అయ్యగారు ఇంటికే వచ్చారు. కుర్చీ, మంచినీళ్ళు, కుశలం, కాఫీ, ప్రార్థన. ప్రార్థనయ్యాక కళ్ళు తెరిచి, "ఈ పని గురించి మోకరించినప్పుడల్లా మీ పేరే గుర్తొస్తోందండీ" అన్నారు. నాకన్నా ముందు ఇంకో ఐదారు పేర్లు గుర్తొచ్చి ఉంటాయనీ, వాళ్ళంతా కాఫీ ఇచ్చి సాగనంపి ఉంటారనీ నాకు అనుమానం. అయినా ప్రార్థన పేరు ఎత్తాక ఎదురు ప్రశ్నలు వేయడం బాగుండదు. చేతులు కట్టుకున్నాను. తల పక్కకి వాల్చాను.

"అయ్యగారూ, నేనెంతటివాణ్ణండీ! పిల్లలకి వాక్యం చెప్పడమంటే మాటలా? నాకేం వచ్చని?"

మామూలుగా ఇక్కడ అవతలివాళ్ళు "అంత మాటనకండి, మీకు రాకపోవడమేంటి" అనాలి. నేను "అబ్బే" అనాలి. వాళ్ళు మరోసారి బతిమాలాలి. నేను మరోసారి "అబ్బే" అనాలి. ఆ తర్వాత ఖాళీ గ్లాసులు లోపలికి వెళ్ళాలి. పద్ధతి అది.

ఇంతలో వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినబడింది. "నిజమేనండీ అయ్యగారూ, ఆయనకి ఏమీ రాదు. ఆదివారం ఎన్నింటికి రావాలో చెప్పండి, పంపిస్తాను."

అయ్యగారు ఎనిమిదింటికన్నారు. చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. నా వైపు తిరిగి చూస్తే ఎక్కడ మళ్ళీ తల వాలుస్తానోనని కాబోలు, గేటు దాకా వెనక్కి చూడలేదు.

ఆ రాత్రి అన్నాల దగ్గర నా గోడు వెళ్ళబోసుకున్నాను. మొగుడు "నేను పనికిరాను" అంటే పెళ్ళాం "అయ్యో, అదేం మాట" అనాలని ఎక్కడా రాసి లేదు గానీ, ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆ పాటి ఆశ ఉండటం తప్పు కాదు.

"నాకు బైబిలు సరిగ్గా రాదు కదే" అన్నాను.

"తెలుసు. మొన్న హబక్కూకు చదవమంటే విషయసూచికలోకి వెళ్ళారు."

"పాట రాదు."

"తెలుసు. మీరు ఎత్తుకున్నప్పుడల్లా కీబోర్డు అబ్బాయి వాయించడం ఆపి మీ వంక చూస్తాడు."

"పిల్లల్ని అదుపు చేయడం రాదు."

"తెలుసు. మన పిల్లలిద్దరూ మీ మాట ఎప్పుడు విన్నారు?"

"యాభై ఎనిమిదేళ్ళొచ్చాయి. మోకాళ్ళు కూడా..."

"తెలుసు. రాత్రి నూనె రాసింది నేనేగా."

ఇలా నా అనర్హతలన్నింటినీ వరసగా ఒప్పుకుని, నాకు తట్టనివి రెండు తనే కలిపి, చివర్లో "తెల్ల చొక్కా ఇస్త్రీకి వేశాను" అంది. వాదనలన్నీ నేనే గెలిచాను. కేసు ఓడిపోయాను.

ఇందులో నాకు చిన్నతనమేమీ లేదు. మా సంఘానికి మూలపురుషుడైన మార్టిన్ లూథర్ 1525లో కాథరీనా అనే మాజీ సన్యాసినిని పెళ్ళి చేసుకున్నాడు. ఇంట్లో తోట, పశువులు, బీరు కాచడం, వచ్చేపోయే విద్యార్థుల భోజనాలు, డబ్బు లెక్కలు అన్నీ ఆవిడే చూసుకునేది. ఆవిణ్ణి ఆయన సరదాగా "ప్రభువుగారు" అనే అర్థం వచ్చేలా పిలిచేవాడు. పోపుకీ చక్రవర్తికీ ఎదురు నిలిచినవాడు ఇంట్లో అలా సర్దుకుపోయాడంటే, నేనెంతటివాణ్ణి? ఈ ఒక్క సందర్భంలో మాత్రం ఆ మాట నిజమైన వినయంతోనే అంటున్నాను.

ఇంట్లో నెగ్గకపోతే లేఖనాల్లోనైనా ఆసరా దొరక్కపోతుందా అని బైబిలు తీశాను. నాకు కావలసిందల్లా "నేను తగను" అని చెప్పి, ఆ మాట చెల్లించుకుని, హాయిగా ఇంట్లో కూర్చున్న భక్తుడు ఒక్కడు. నిర్గమకాండంలో మోషే కనబడేసరికి ప్రాణం లేచొచ్చింది. ఎనభై ఏళ్ళ మనిషి. నలభై ఏళ్ళుగా మామగారి మంద కాచుకుంటున్న ఇల్లరికపు అల్లుడు. మండుతున్న పొద ముందు నిలబడి వరసగా సాకులు చెబుతాడు. నేనెవణ్ణి అంటాడు. నీ పేరేమని చెప్పమంటావు అంటాడు. వాళ్ళు నన్ను నమ్మరంటాడు. నాకు మాట తిరగదంటాడు. చివరికి ఏ సాకూ మిగలక, ఇంకెవరినైనా పంపుకోమంటాడు. ఆ ఐదూ చదువుతుంటే ఎప్పుడూ చూడని బంధువు ఎవరో ఎదురైనట్టనిపించింది.

దేవుడి జవాబులు చదివాక మాత్రం ఉత్సాహం దిగిపోయింది. "అలా అనకు మోషే, రాజుగారి కూతురి దగ్గర పెరిగినవాడివి, ఐగుప్తు చదువులన్నీ చదివినవాడివి, నువ్వు కాకపోతే ఇంకెవరు" అని ఒక్క ముక్క బతిమాలలేదు. నేనెవణ్ణి అంటే, అతనెవరో చెప్పకుండా తాను తోడుంటానన్నాడు. మాట రాదంటే, బాగానే వచ్చుగదా అనలేదు. అసలు నోరు చేసిందెవరని అడిగాడు. ఇంకెవరినైనా పంపమన్నప్పుడు కోపం వచ్చింది. ఆ కోపంలోనే, మీ అన్న అహరోను నీకెదురు వస్తున్నాడు, మాట్లాడటానికి అతనున్నాడన్నాడు. అంటే ఇక్కడ మోషే సాకులు అల్లుతున్నంతసేపూ అక్కడ అహరోను దారిలోనే ఉన్నాడన్నమాట.

పేజీలు తిప్పాను. యిర్మీయా తాను చిన్నవాణ్ణన్నాడు. ఆ మాట అనొద్దన్నాడు దేవుడు, అంతే తప్ప పెద్దవాడివేలే అనలేదు. గిద్యోను శత్రువులకి భయపడి గానుగ చాటున గోధుమలు దుళ్ళగొట్టుకుంటూ, మా ఇంట్లో కల్లా నేనే అల్పుణ్ణన్నాడు. దానికీ ఖండన లేదు. ఉన్ని పరిచి ఒకసారి కాదు, రెండుసార్లు గుర్తు అడిగాడు, దేవుడు ఇచ్చాడు. తీరా 32,000 మందిని పోగేసుకుని కాస్త గుండె చిక్కబట్టుకునేసరికి, ఇంతమంది వద్దని 300 మందిని మిగిల్చాడు. సౌలును రాజుగా ఎన్నుకుంటే సామాన్ల మధ్య దాక్కున్నాడు. జనమందరి కన్నా భుజాలు పైకి ఉండే ఆజానుబాహువు మూటల చాటున ఎలా ఒదిగాడో నాకు అర్థం కాదు. అక్కడి నుంచి కూడా పట్టుకొచ్చారు.

వీళ్ళందరిలో నాకు నచ్చినవాడు యోనా. వినయమూ లేదు, వాదనా లేదు. తిన్నగా యొప్పే రేవుకి వెళ్ళి, కేవు చెల్లించి, తర్షీషు ఓడ ఎక్కి పడుకున్నాడు. ఆ స్ఫూర్తితో నేను తెనాలిలో మా పెదనాన్న కొడుకు గృహప్రవేశ ప్రార్థన ఉందని గుర్తు చేశాను. "అది సాయంత్రం నాలుగింటికి" అంది మా ఆవిడ. "తరగతి పొద్దున ఎనిమిదింటికి." యోనాకు పెళ్ళయినట్టు బైబిల్లో ఎక్కడా లేదు. అందుకే ఓడ దాకా వెళ్ళగలిగాడు.

మొత్తానికి నాకు బోధపడిందేమిటంటే, మన అయోగ్యత దేవుడికి కొత్త వార్త కాదు. మనం ఎంతో రహస్యం విప్పుతున్నట్టు చెబుతాం. ఆయన అది తెలిసే వచ్చాడు. మా ఆవిడ నాలుగుసార్లు తెలుసనడంలో ఇంత వేదాంతం ఉందని అప్పుడు తట్టలేదు.

మా ఇంట్లో పై కోర్టు కూడా ఒకటుంది. అది మా అత్తయ్యగారు. ఒంగోలు బాప్టిస్టుల ఆడపడుచు. పెళ్ళితో లూథరన్ అయింది గానీ, రెండు సంఘాల చరిత్రా నాలుక మీదే ఉంటుంది. వాళ్ళమ్మ బైబిలు స్త్రీ. ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళకి కథలు చెప్పి, చదువు నేర్పినావిడ. నేను మోకాళ్ళ సంగతి ఎత్తగానే అత్తయ్యగారు కళ్ళజోడు సవరించుకుంది.

"వయసంటారేంటి అల్లుడుగారూ! ఫాదర్ హయ్యర్ గారి సంగతి మీ గుంటూరు వాళ్ళకి నేను చెప్పాలా?"

చెప్పాల్సిన అవసరం లేదు. లూథరన్ మిషనరీ హయ్యర్ గారు గుంటూరులో అడుగుపెట్టింది 1842 జూలై 31న. మా వాళ్ళ చరిత్ర అంతా అక్కడి నుంచే లెక్క. అయితే అత్తయ్యగారు ఎత్తింది ఆ సంగతి కాదు. ఆయన అమెరికా వెళ్ళిపోయి విశ్రాంతి తీసుకోవాల్సిన వయసులో, రాజమండ్రి మిషనును పంపడానికి మనిషి లేక వేరే సంఘానికి అప్పగించబోతున్నారని తెలిసింది. నేను వెళ్తానని లేచి, 1869లో మళ్ళీ ఇండియాకి బయలుదేరాడు. అప్పటికాయన వయసు 76. "ఆయనకి మోకాళ్ళు లేవా?" అని అడిగింది అత్తయ్యగారు. సముద్రం దాటిన మోకాళ్ళ ముందు, రెండు వీధులు దాటాల్సిన మోకాళ్ళకి నోరు పెగల్లేదు.

"పోనీ, చదువు లేదంటారా? యర్రగుంట్ల పేరయ్య ఏం చదివాడు?" అని ఒంగోలు వైపు మళ్ళింది. పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారం చేసుకునేవాడు. 1866లో భార్య నాగమ్మతో పాటు బాప్తిస్మం తీసుకుని తన ఊరు తాళ్ళకొండపాడు వెళ్ళాడు. తనకు తెలిసిందేదో చుట్టుపక్కల పల్లెలన్నిటా తనే చెప్పుకుంటూ పోయాడు. మిషనరీ క్లౌ దొరగారు ఆ ఊరు వచ్చేసరికే వినడానికి జనం సిద్ధంగా ఉన్నారు. ఆ క్లౌ గారి కథా అంతే. కుర్రతనంలో ఆయన సర్వేయరు. భూములు కొలిచే గొలుసు పట్టుకుని అమెరికాలో అడవుల వెంట తిరిగినవాడు. 1876-78 కరువులో జనం ఆకలికి మాడిపోతుంటే, బకింగ్‌హామ్ కాలువ పనిలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని తవ్వించి, కూలీ ఇచ్చి వేలమందిని బతికించాడు. "ఆ రోజు అక్కరకొచ్చింది ప్రసంగం కాదు అల్లుడుగారూ, కొలత పని" అంది అత్తయ్యగారు. "మోషేని దేవుడు ఏమడిగాడు? నీ చేతిలో ఏముందని. కర్రేగా ఉంది."

మా తాత కర్ర అటక మీద ఉందని నాకు గుర్తొచ్చింది. పైకి అనలేదు.

శనివారం అయ్యగారికి ఫోను చేసి, నలుగురిలో మాట్లాడాలంటే నా నాలుక మెలిపడుతుందని చివరి ప్రయత్నం చేశాను. ఆయన డోర్నకల్ అజరయ్యగారి సంగతి చెప్పారు. అజరయ్య తిరునెల్వేలి తమిళుడు. 1909లో డోర్నకల్ వచ్చి గుడారంలో కాపురం పెట్టి, తెలుగు నేర్చుకుని తెలుగువాళ్ళ మధ్య పనిచేశాడు. 1912 డిసెంబరులో కలకత్తాలో బిషప్పుగా అభిషేకమైంది. ఆంగ్లికన్ సంఘంలో ఆ కుర్చీ ఎక్కిన మొదటి భారతీయుడు. ఆయన విషయంలో "తగడు" అన్నది ఆయన కాదు, ఇతరులు. భారతీయుడికి అంత అధికారమా అని తెల్లవాళ్ళలో కొందరు, మనవాళ్ళలో కొందరు గొడవపెట్టారు. "మీకు ఆ ఇబ్బంది లేదండీ" అన్నారు అయ్యగారు. "మీకు అడ్డు చెప్పినవాళ్ళు సంఘంలో ఒక్కరూ లేరు." అడ్డు చెబితే ఆ పని తమ మీద పడుతుందని సంఘానికి తెలుసు.

ఆదివారం వేపచెట్టు కింద జంపఖానా పరిచి ఉంది. తెల్ల చొక్కాతో దాని మీద కూర్చున్నాను. కూర్చోవడం వరకూ బాగానే ఉంది. లేవడం ఎలాగా అన్నది తర్వాత చూసుకోవచ్చనుకున్నాను. ముందు పాట. నేను ఎత్తుకున్నాను. నాలుగో తరగతి పిల్ల ఒకతి, రెండు జడలది, చెయ్యెత్తి "అంకుల్, మీరు చేతులు మాత్రం ఊపండి. మేం పాడతాం" అంది. అయ్యగారు, కీబోర్డు అబ్బాయి, మా ఆవిడ ఇన్నేళ్ళుగా నాతో చెప్పలేకపోయిన మాట ఆ పిల్ల ఒక్క నిమిషంలో చెప్పేసింది. చేతులు ఊపాను. పాట బాగా వచ్చింది.

పాఠం మోషే. ఈమధ్యే ఆయనతో నాకు బాగా దగ్గరితనం ఏర్పడింది కాబట్టి ధైర్యంగా మొదలెట్టాను. పొద దగ్గరికి వచ్చేసరికి ప్రశ్నలు లేచాయి.

"అంకుల్, అది ముళ్ళపొద కదా. చెప్పులు విప్పేస్తే ముళ్ళు గుచ్చుకోవా?"

"అంకుల్, మా తాతకి ఎనభై. ఆయనకి పింఛను వస్తోంది. దేవుడు మోషేకి పింఛను ఇవ్వకుండా పనెందుకిచ్చాడు?"

రెండు జడల పిల్ల వీటన్నిటినీ తోసేసి ముందుకొచ్చింది. "నోరు చేసింది దేవుడేగా. మరి మోషేకి మాట ఎందుకు బాగుచెయ్యలేదు?"

అన్నిటికీ "వచ్చే వారం చెబుతా" అన్నాను. "అంతా వచ్చే వారమేనా అంకుల్?" అని మొదటివాడు నిట్టూర్చాడు. తరగతి అయ్యాక నన్ను జంపఖానా మీద నుంచి లేపడానికి ఇద్దరు చేతులు పట్టుకున్నారు, ఒకడు వెనక నుంచి తోశాడు. వాళ్ళకి అది పాఠం కన్నా బాగా నచ్చింది. వచ్చే వారం కూడా తామే లేపుతామని అప్పుడే వాటాలు వేసుకున్నారు.

ఇంటికెళ్ళి మా ఆవిడకి ప్రశ్నలు అప్పగించాను. ఆవిడ గోంగూర ఒలుస్తోంది. ముళ్ళ సంగతి తనకీ తెలియదంది. పింఛను ప్రశ్న అత్తయ్యగారికి పంపింది. మూడో దానికి మాత్రం తల ఎత్తకుండానే, "నోరు బాగుచేస్తే అన్నతో పనేముంది? ఒక్కడే వెళ్ళిపోయేవాడు" అంది.

అప్పటి నుంచి మా ఇంట్లో శనివారం రాత్రి ఏర్పాటు ఇదీ. ఆవిడ ఆకుకూర ఒలుస్తూ పాఠం చెబుతుంది. నేను రాసుకుంటాను. ఆదివారం పొద్దున వెళ్ళి అప్పజెప్పి వస్తాను. మరి ఆ పనేదో ఆవిడకే ఇస్తే పోయేదిగా అని మీకనిపించవచ్చు. అయ్యగారిని నేనూ అడిగాను. స్త్రీల సమాజం, ఉపవాస కూటానికి వంట, బల్ల మీద పూలు, ఆసుపత్రిలో ఉన్నవాళ్ళకి క్యారియర్లు, కొయిర్‌లో రెండో వరస, వీటిలో ఏది మాన్పించమంటారో చెప్పమన్నారు. ఆవిణ్ణి ఎవరూ పిలవలేదు, ఎందుకంటే ఆవిడ ఎప్పుడో వెళ్ళిపోయి పనిలో ఉంది. ప్రేరేపణ, పోరాటం, సాక్ష్యం, సమర్పణ ఇవన్నీ మాలాంటి మగవాళ్ళం బెంచీ మీద నుంచి లేవడానికి చేసుకునే సన్నాహాలు.

ఇక నా చేతిలో ఏముంది? లెక్క రాయడం ఒక్కటే. కోల్డ్ స్టోరేజీలో ఏ రైతువి ఎన్ని టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఏ ఛాంబరులో, ఏ లాటు నంబరుతో ఉన్నాయో రాసే పెద్ద రిజిస్టరు ఉంటుంది. అలాంటిదే ఖాళీది ఒకటి కొని, టిక్కీలున్న చోట పిల్లల పేర్లు రాశాను. లోపలికి వచ్చినవి, బయటికి వెళ్ళినవి, నిల్వ. పిల్లలు దాన్ని చూసి నవ్వారు. నాకు మాత్రం గీతలు కొట్టిన కాగితం ముందుంటే మనసుకు నెమ్మది.

కొన్నాళ్ళు గడిచాక ఆ రిజిస్టరులో ఒక తిరకాసు కనబడింది. అక్కచెల్లెళ్ళిద్దరున్నారు. అక్క వచ్చిన వారం చెల్లెలు లేదు, చెల్లెలు వచ్చిన వారం అక్క లేదు. ఒక్కసారైనా ఇద్దరి నిల్వా కలవలేదు. మా గోడౌనులో ఇలాంటి లెక్క కనబడితే ఏదో జరుగుతోందని అర్థం. అక్కను పిలిచి అడిగాను.

"అమ్మ మిర్చి తొడిమలు తీసే పనికి పోద్ది అంకుల్. ఆదివారం కూడా. తమ్ముడి కాడ ఒకళ్ళం ఉండాల" అంది.

నేను ఛాంబర్ల లెక్క రాసే మిరపకాయల తొడిమలే అవి. ఒలిచేవాళ్ళ ఇళ్ళలో ఆదివారం పొద్దున ఎవరు ఎవర్ని ఎత్తుకుని కూర్చుంటారో ఆ లెక్కల్లో ఎక్కడా ఉండదు. "తమ్ముణ్ణి కూడా తీసుకురండి" అన్నాను. అంతకన్నా గొప్ప మాటేమీ తట్టలేదు.

ఆ తర్వాతి వారం ముగ్గురూ వచ్చారు. తమ్ముడికి ఏడాదిన్నర ఉంటుంది. వచ్చీ రాగానే నా ఒళ్ళోకెక్కి, కళ్ళజోడు లాగి, నా జేబులో పెన్ను తీసుకుని రిజిస్టరులో తన హాజరు తానే వేసుకున్నాడు. దావీదు గొల్యాతు కథ మొత్తం కళ్ళజోడు లేకుండానే చెప్పాను. రాయి ఎవరికి తగిలిందో పిల్లలే సరిచేశారు. తమ్ముడికి ఇంకా మాటలు రాలేదు. బైబిలు జ్ఞానంలో ఆ తరగతి మొత్తం మీద నాకు ఈడైనవాడు వాడొక్కడే.

నేను బాగుపడ్డానని ఎవరూ అనలేదు. హబక్కూకు కోసం ఇప్పటికీ విషయసూచికలోకే వెళ్తాను. పాటప్పుడు చేతులే ఊపుతాను. పనిలో దిగితే అర్హత దానంతటదే వస్తుందని పెద్దలు చెబుతారు గానీ, మా వేపచెట్టు దాకా అదింకా రాలేదు. పిల్లలు మాత్రం వస్తున్నారు.

ఇంతలో సంఘ కమిటీ ఎన్నికలొచ్చాయి. ఆ అద్భుతం చూసి తీరాలి. సండే స్కూలు ప్రకటన నాడు ఫ్యాన్ల వైపు చూసినవాళ్ళంతా నామినేషన్ల బల్ల వైపు చూస్తున్నారు. రెండు ప్యానెళ్ళు, మూడు వాట్సాప్ గ్రూపులు, ఇంటింటి ప్రార్థనలు, ప్రార్థన తర్వాత బిర్యానీలు. ఒక్కరి నోటా "నేను తగను" అన్న మాట లేదు. పైగా అవతలివాడు తగడని రుజువులు పట్టుకొస్తున్నారు. జంపఖానా మీద కూర్చునే పనికి మేమంతా అయోగ్యులం. కుర్చీ వేసే పనికి మేమంతా యోగ్యులం. దేవుడు మనిషి కోసం వెతుక్కుంటూ పొదల్లో మంట పెట్టాల్సి వచ్చిందంటే, అది కచ్చితంగా పోటీ లేని సీటే అయి ఉండాలి.

ఒక ప్యానెల్ వాళ్ళు మా ఇంటికీ వచ్చారు. "సండే స్కూలు వల్ల మీకు మంచి పేరొచ్చింది. పైగా లెక్కల మనిషి. కోశాధికారిగా నిలబడండి" అన్నారు. అలవాటు కొద్దీ చేతులు కట్టుకుని నా అయోగ్యత కోసం లోపల వెతికాను. దొరకలేదు. కాఫీ అయ్యేదాకా వెతికాను. ఉపదేశిగారి మనవణ్ణి, ముప్ఫై ఏళ్ళ అనుభవం, పైసా తేడా రానివ్వను. వంక పెట్టడానికి ఎక్కడా సందు లేదు. "ఆలోచించి చెబుతా" అన్నాను. గుంటూరులో దానర్థం అందరికీ తెలుసు.

వాళ్ళు గేటు దాటాక మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. "ఏవండీ, ఈసారి నేనెంతటివాణ్ణి అనలేదేం?"

నాకు జవాబు తట్టలేదు. ఆవిడ కూడా దాని కోసం ఆగలేదు. పాఠాల పుస్తకం నా ముందు పెట్టింది. "ఈ వారం యోనా. పిల్లలకి పెద్ద చేప బొమ్మ గీసి చూపించాలి. మీకు బొమ్మలు వేయడం రాదు."

"తెలుసు" అన్నాను.

కోశాధికారి పదవికి వాళ్ళకి వేరే మనిషి ఆ సాయంత్రమే దొరికాడు. ఆ పనికి మనిషి దొరకని సందర్భం మా సంఘ చరిత్రలో లేదు. నేను అట్ట ముక్క మీద రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని చేప గీశాను. మూడుసార్లు చెరిపాను. అత్తయ్యగారు చూసి, హయ్యర్ గారి గురించి ఏమీ అనకుండా నిద్రకి వెళ్ళిపోయింది. ఆదివారం వేపచెట్టు కింద దాన్ని పైకెత్తి పట్టుకున్నాను. పిల్లలు మర్యాదస్తులు, గమ్మున చూస్తున్నారు. ఒళ్ళో ఉన్న తమ్ముడు వేలు చూపించి, గట్టిగా, స్పష్టంగా "బౌబౌ" అన్నాడు. వాడికి మాటలొచ్చాయని అక్కచెల్లెళ్ళు చప్పట్లు కొట్టారు. తరగతిలో నాకు సాటిగా ఉన్న ఒక్కడూ ఆ రోజుతో పై తరగతికి వెళ్ళిపోయాడు.